పాప రిపోర్టులో సికిల్ సెల్ ట్రెయిట్ అని వచ్చింది, తమ్ముడి పెళ్ళి దగ్గర పడింది, చెప్పాలా వద్దా?

ప్రశ్న: అక్కా నమస్తే. మాది పార్వతీపురం దగ్గర, పెళ్ళయ్యాక బెంగళూరు వచ్చాం, కేఆర్ పురంలో ఉంటాం, మావారిది ఒంగోలు వైపు. పాప పుట్టి నలభై రోజులు. పుట్టిన రెండో రోజు మడమ దగ్గర గుచ్చి రక్తం తీసుకెళ్ళారు, ఎందుకంటే రొటీన్ అన్నారు. మూడు వారాల తర్వాత రాత్రి తొమ్మిదింటికి మావారి వాట్సాప్‌కి ఒక పీడీఎఫ్ వచ్చింది, హిమోగ్లోబిన్ ప్యాటర్న్ ఎఫ్ఏఎస్, సికిల్ సెల్ ట్రెయిట్ అని ఉంది. ఫోన్ చేస్తే సిస్టర్ కన్నడంలో "ఏనూ ఆగల్లమ్మా, క్యారియర్ అష్టే" (ఏం కాదమ్మా, క్యారియర్ అంతే) అని పెట్టేసింది. మావారు ఆ పీడీఎఫ్ డిలీట్ చేసేసి ఎవరికీ చెప్పొద్దన్నారు, మా ఆడపడుచుకి సంబంధాలు చూస్తున్నారు. అత్తగారికి ఎలాగో తెలిసింది, మీ కొండల వైపు నుంచే వచ్చుంటుంది, మా ఇంటావంటా లేదు అంటున్నారు. నాకు ఇంకో భయం కూడా ఉంది. మా తమ్ముడికి మా మేనమామ కూతురితో శ్రావణంలో పెళ్ళి, తాంబూలాలు కూడా మార్చుకున్నారు. చెప్తే పెళ్ళి ఆగిపోతుందేమో, చెప్పకపోతే రేపు వాళ్ళకి పుట్టే పిల్లలకి ఏమన్నా అయితే ఆ పాపం నాదే కదా. పాపని చూస్తే ఏడుపొస్తోంది. ఏం చెయ్యమంటారు? పేరు వెయ్యొద్దు.

సమాధానం: అమ్మా, నువ్వు అని రాస్తున్నా ఏమనుకోకు, మా అమ్మాయి ఈడు దానివి. నలభై రోజుల బాలింతవి, ముందు కళ్ళు తుడుచుకుని ఈ ఒక్క ముక్క చదువు, మిగతాది పాప పడుకున్నాక చదువుకో. నీ పాపకి జబ్బు లేదు. ఎఫ్ఏఎస్ అంటే జబ్బు కాదు. పెద్దయ్యాక జబ్బుగా మారేది కూడా కాదు. రక్తం ఎక్కించాల్సిన పని లేదు, నొప్పులు రావు, స్కూలుకెళ్తుంది, ఆడుతుంది, ఉద్యోగం చేస్తుంది, పిల్లల్ని కంటుంది, అన్నీ అందరిలాగే.

ఇప్పుడు ఆ మూడక్షరాల సంగతి చెప్తా, నీకు ఎవరూ చెప్పలేదు కదా. ఎఫ్ అంటే కడుపులో ఉన్నప్పటి హిమోగ్లోబిన్, పుట్టినప్పుడు పిల్లలందరికీ అదే ఎక్కువ ఉంటుంది. ఏ అంటే మామూలుది, మనందరిలో ఉండేది. ఎస్ అంటే సికిల్ హిమోగ్లోబిన్. రక్తంలో ఏది ఎక్కువుంటే దాన్ని ముందు రాస్తారు. నీ పాపకి ఎస్ కన్నా ముందు ఏ ఉంది చూడు, అంటే తల్లీ తండ్రీ ఇద్దరి దగ్గర నుంచి చెరొక జీన్ వస్తుంది కదా, అందులో ఒకటి మామూలుది వచ్చింది, ఒకటి సికిల్‌ది వచ్చింది, మామూలుది పని నడిపించేస్తుంది, దీన్నే ట్రెయిట్ అంటారు. అదే ఏ అసలు లేకుండా ఎఫ్ఎస్ అని వస్తే అప్పుడు జబ్బు ఉన్నట్టు అనుమానించాలి, అలాంటి రిపోర్టు వస్తే నేను ఆ తల్లిదండ్రుల్ని మర్నాడే రమ్మంటాను. ఎఫ్ఎస్ఏ అని ఎస్ ముందుకి వచ్చినా ఊరుకోకూడదు. అందుకే అక్షరాల వరస చాలా ముఖ్యం, ఫోన్లో ఎవరికన్నా చదివి వినిపించేటప్పుడు కూడా వరస తప్పకుండా చదువు.

మరి పాప అంత బావుంటే రెండో రోజే గుచ్చడం ఎందుకు అంటావా, ఈ పరీక్ష పెట్టింది జబ్బు ఉన్న పిల్లల కోసం. జబ్బు ఉన్న బిడ్డ కూడా పుట్టినప్పుడు బొద్దుగా ఎర్రగా పాలు తాగుతూ ఏ తేడా లేకుండా ఉంటుంది, ఎందుకంటే ఆ ఎఫ్ హిమోగ్లోబిన్ కాపాడుతూ ఉంటుంది. నెలలు గడిచేకొద్దీ ఎఫ్ తగ్గిపోయి దాని చోట్లోకి ఎస్ వస్తుంది, అప్పుడు ఎర్ర కణాలు కొడవలిలా వంగి సన్న రక్తనాళాల్లో ఇరుక్కోవడం, చేతులు కాళ్ళు వాచడం, రక్తం తగ్గడం, అన్నిటికన్నా ప్రమాదం ఇన్ఫెక్షన్లు. తెలియని ఇంట్లో జ్వరమే కదా అనుకునేలోపు బిడ్డ చెయ్యి దాటిపోయేది. అమెరికాలో ఒక ట్రయల్ చేశారు, 1986లో ఫలితాలు వచ్చాయి, జబ్బున్న చిన్నపిల్లలకి రోజూ పెన్సిలిన్ ఇస్తే ఆ పెద్ద ఇన్ఫెక్షన్లు 84 శాతం తగ్గాయి, అనుకున్న టైమ్ కన్నా ముందే ట్రయల్ ఆపేయాల్సొచ్చింది, తేడా అంత స్పష్టంగా ఉంది మరి. రెండు నెలల వయసు దాటకుండా ఆ మందు మొదలుపెట్టాలి. రెండు నెలల్లోపు తెలియాలంటే పుట్టగానే చూడాలి, అందుకని ఈ పరీక్ష. 2006 నాటికే అమెరికాలో అన్ని రాష్ట్రాల్లో, ఇంగ్లాండ్‌లో కూడా ప్రతి బిడ్డకీ చేయడం మొదలైపోయింది, మన దగ్గర ఇంకా అందరికీ చేయాలన్న రూలు లేదు, మీ హాస్పిటల్‌లో చేశారంటే అదృష్టమే. చేసినందుకు నాకు సంతోషం, చెప్పిన పద్ధతికి మాత్రం చాలా కోపం వచ్చింది.

ఆ పరీక్ష ఎలా చేస్తారో నాకు బాగా తెలుసు, పదహారేళ్ళు ల్యాబులో అదే చూశాను. బిడ్డ మడమని గోరువెచ్చటి గుడ్డతో కాసేపు పట్టి, మడమ మధ్యలో కాకుండా పక్కన గుచ్చి, మొదటి చుక్క తుడిచేసి, రెండో చుక్క పెద్దదయ్యేదాకా ఆగి మందపాటి ఫిల్టర్ పేపర్ మీద అచ్చేసిన గుండ్రంలో పట్టాలి, ఒక్క చుక్కతోనే ఆ గుండ్రం అవతలి వైపుదాకా తడవాలి, చుక్క మీద చుక్క అద్దితే పనికిరాదు. తర్వాత ఎండ తగలకుండా మూడు నాలుగు గంటలు పడుకోబెట్టి ఆరబెట్టాలి. అంత జాగ్రత్తగా తీసిన రక్తం, దాని మీద వచ్చిన జవాబు, రాత్రి తొమ్మిదింటికి ఒక పీడీఎఫ్‌గా పడెయ్యడం ఏంటి? అదీ తల్లికి కాకుండా తండ్రి ఫోన్‌కి. ఆ సిస్టర్ తప్పు చెప్పలేదు, పాపకి ఏనూ ఆగల్ల, నిజమే. సగమే చెప్పి పెట్టేసింది.

మిగతా సగం ఏంటో చెప్తా. ఆ ఎస్ పాపకి గాల్లోంచి రాలేదు, నీ దగ్గర నుంచో మీ ఆయన దగ్గర నుంచో వచ్చింది. ఒకరి దగ్గర ఉంటే పెద్ద విషయం కాదు. కానీ రెండో వాళ్ళకి కూడా సికిల్ ట్రెయిట్ గానీ, బీటా తలసీమియా ట్రెయిట్ (హిమోగ్లోబిన్ సరిపడా తయారవనివ్వని ఇంకో రకం జీన్) గానీ ఉంటే, తర్వాత వచ్చే ప్రతి కడుపులోనూ నాలుగింట ఒక వంతు జబ్బున్న బిడ్డ పుట్టే అవకాశం ఉంటుంది. నాలుగింట ఒకటి అంటే నలుగురు పిల్లల్లో ఒకరికి అని లెక్క కాదు, ప్రతిసారీ మళ్ళీ కొత్తగా అదే పావు వంతు. మా డెస్క్‌కి ఒకామె వచ్చింది, ఊరు పేరు చెప్పను, పెద్ద పాపకి ట్రెయిట్ అని వస్తే ఆమెకీ "ఏం పర్లేదు" అనే చెప్పారు, ఆ రిపోర్టు ఫైల్లో పెట్టి మర్చిపోయింది, రెండో వాడికి తొమ్మిదో నెలలో చేతి వేళ్ళు వాచి ఏడుస్తుంటే తీసుకొచ్చింది. ఆ ఫైల్ నా టేబుల్ మీద పెట్టి "ఇందులోనే ఉందా అక్కా ఇది, మూడేళ్ళ నుంచి మా బీరువాలోనే ఉందా" అంది. నాకు ఆ మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఎవరన్నా ట్రెయిట్ రిపోర్టు పట్టుకుని "ఏం పర్లేదు" అంటే నాకు ఒళ్ళు మండేది అందుకే.

కాబట్టి నువ్వు చెయ్యాల్సిన మొదటి పని చాలా చిన్నది. ఈ వారంలో నీ రక్తం ఇచ్చి హిమోగ్లోబిన్ హెచ్‌పీఎల్‌సీ టెస్ట్ (రక్తంలో ఏ రకం హిమోగ్లోబిన్ ఎంతుందో చూసేది) చేయించుకో, దాంతోపాటు సీబీసీ కూడా. ప్రెగ్నెన్సీలో అన్ని టెస్టులూ చేశారు అన్నీ నార్మలే అంటావేమో, సికిల్ ట్రెయిట్ ఉన్నవాళ్ళకి సీబీసీ నార్మల్‌గానే వస్తుంది, అందులో కనపడదు. చుక్క రక్తంతో చేసే సొల్యుబిలిటీ టెస్ట్ ఒకటి ఉంటుంది, అది చాలదు, హెచ్‌పీఎల్‌సీ అని అడిగి చేయించుకో. ఇంకో మాట, డెలివరీ తర్వాత ఐరన్ తక్కువగా ఉంటే తలసీమియా ట్రెయిట్ మరుగున పడిపోవచ్చు, సికిల్ మాత్రం కనపడుతుంది, అందుకని నువ్వు బాలింతవని డాక్టర్‌కి చెప్పు. ఈ టెస్టుకి మీ ఆయన పర్మిషన్ అక్కర్లేదు, అత్తగారి పర్మిషన్ అంతకన్నా అక్కర్లేదు, నీ ఒంట్లో రక్తం అది.

ఇదే ముందు ఎందుకు చెప్తున్నానంటే నీ తమ్ముడి సంగతి తేల్చేది కూడా ఇదే. నీకు లేదని వచ్చిందనుకో, అప్పుడు పాపకి వచ్చింది మీ ఆయన వైపు నుంచి, ఈ రిపోర్టుకీ నీ తమ్ముడి పెళ్ళికీ సంబంధమే లేదు, ఇన్ని రాత్రులు నువ్వు ఏడ్చింది ఊరికే. నీకు ఉందని వస్తే అప్పుడు తమ్ముడి గురించి ఆలోచిద్దాం. టెస్ట్ చేయించకుండా ఇంట్లో అందరికీ చెప్పేస్తే మాత్రం లేని గొడవ తెచ్చుకున్నట్టే.

మీ ఆయన గురించి. ఆయన మీద కోపం ఉంది నీ ఉత్తరంలో, ఉండాలి కూడా, కానీ నా అనుభవంలో పీడీఎఫ్ డిలీట్ చేసే మగవాళ్ళు చాలామంది లోపల భయంతో వణికిపోతుంటారు, చెల్లెలి పెళ్ళి బాధ్యత నెత్తి మీద ఉన్నవాళ్ళు ఇంకానూ. పోట్లాట పెట్టుకోకుండా ఇలా చెప్పి చూడు: "ఎవరి వైపు నుంచి అన్నది నాకు అక్కర్లేదు, ఇద్దరం ఒకే రోజు ఒకే ల్యాబులో ఇద్దాం, రిపోర్ట్ ఇద్దరం కలిసే చూద్దాం, మీ అమ్మగారికి ఏం చెప్పాలో మీరే చెప్పండి." ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటి ఉంది, భార్యకి పాజిటివ్ రాగానే సరే దొరికిపోయింది కదా అని భర్త టెస్ట్ ఆపేస్తారు. అది అస్సలు చెయ్యొద్దు. ఒకరికి ఉన్నప్పుడే రెండో వాళ్ళ రిపోర్ట్ ఇంకా అవసరం, మీకు రెండో బిడ్డ కావాలంటే అసలు జవాబు అక్కడే ఉంది. ఒంగోలు వైపు అయితే మాత్రం తలసీమియా ట్రెయిట్ ఉండకూడదని ఎక్కడుంది, మన దేశం మొత్తమ్మీద సగటున వందలో మూడు నలుగురికి ఉంటుంది, వాళ్ళలో చాలామందికి జీవితాంతం తెలియదు, రక్తం కాస్త తక్కువని ఐరన్ మాత్రలు మింగుతూ ఉంటారు. ఆయన ససేమిరా అంటే, నీకు నెగెటివ్ వచ్చిన రోజు ఆయన జవాబు ఆయన ఇవ్వకుండానే తెలిసిపోతుంది, ఈ మాట కూడా నెమ్మదిగా చెప్పు. ఇద్దరికీ లేదని వస్తే కంగారు పడొద్దు, ముందు పాప శాంపిల్ మళ్ళీ తీయించాలి, వార్డులో శాంపిల్స్ తారుమారు అవడం నేను చూశాను.

అత్తగారు కొండల వైపు అన్నారు కదా, ఆ మాటకి జవాబు నీ దగ్గర ఉండాలి. సికిల్ మన దేశంలో మొదట 1952లో బయటపడింది, మనకి దగ్గరే, నీలగిరి కొండల్లో. మలేరియా ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో ఈ జీన్ ఎక్కువ కనపడుతుంది, దానికి కారణం ఉంది, ఒక్క జీన్ ఉన్న పిల్లలు మలేరియాని బాగా తట్టుకుంటారని ఆలిసన్ అనే డాక్టర్ 1954లోనే ఆఫ్రికాలో చూపించాడు. అంటే మీ పూర్వీకుల్లో ఎవరో ఈ ఎస్ ఉండబట్టే చిన్నప్పుడు చలిజ్వరం నుంచి బయటపడి ఉండొచ్చు, దాన్ని పాపం అనీ శాపం అనీ ఎవరు అన్నా ఒప్పుకోకు. గిరిజనులు కానివాళ్ళలో కూడా ఉంది. అసలు నీ దగ్గర నుంచే వచ్చిందో లేదో ఇంకా తెలియదు కూడా! అత్తగారితో వాదించొద్దు, రిపోర్టులు వచ్చేదాకా "డాక్టర్‌గారు ఇద్దర్నీ చేయించుకోమన్నారు అత్తయ్యా" అని ఒక్క మాట చాలు.

ఇప్పుడు తమ్ముడు. నీకు పాజిటివ్ వచ్చిందనే అనుకుందాం. అంటే మీ అమ్మకో నాన్నకో ఉంది. తమ్ముడికి ఉండే అవకాశం సగం. అది అమ్మ వైపు నుంచి అయితే మీ మేనమామకి సగం, ఆయన కూతురికి పావు. తమ్ముడికీ పెళ్ళికూతురికీ ఇద్దరికీ ఉండే అవకాశం అప్పుడు ఎనిమిదింట ఒకటి. నాన్న వైపు నుంచి అయితే పెళ్ళికూతురికి దీనితో సంబంధం లేదు, ఆ కొండ ప్రాంతంలో అందరికీ ఉండే అవకాశమే ఆమెకీ ఉంటుంది. మేనరికాల్లో నాకు భయం ఇదే, ఒకే తాతమ్మ దగ్గర నుంచి బయలుదేరిన జీన్ రెండు దారుల్లో నడిచొచ్చి ఒకే పందిట్లో కలుస్తుంది. అయినా ఎనిమిదింట ఏడు వంతులు ఇద్దరికీ కలిసి ఉండకపోవచ్చు, అది కూడా గుర్తుపెట్టుకో.

కాబట్టి చెప్పాలా అంటే, చెప్పాలి. నీ రిపోర్ట్ పాజిటివ్ అయితే, పెళ్ళికి ముందే, కచ్చితంగా చెప్పాలి. మీ హాస్పిటల్ వాళ్ళు నీ తమ్ముడికి ఫోన్ చేసి చెప్పరు, నీ పాప రిపోర్ట్ బయటవాళ్ళకి చెప్పకూడదు కాబట్టి, అది సరైన పద్ధతే. అంటే ఈ విషయం వాడికి చేరే దారి నువ్వొక్కదానివే.

ఎవరికి ముందు అన్నది చాలా ముఖ్యం. అమ్మకి ఫోన్ చెయ్యొద్దు. అమ్మకి చెప్తే తన అన్నయ్యకి, అంటే మీ మేనమామకి, చెప్పకుండా ఉండలేదు, అన్నయ్య వదినకి, సాయంత్రానికి ఊరంతా, అప్పటికి పెళ్ళికొడుక్కి మాత్రం విషయం ఏంటో సరిగ్గా తెలియదు. ముందు తమ్ముడికే చెప్పు, వాడొక్కడికే, వాడు పనిలో లేనప్పుడు, వాట్సాప్ ఫ్యామిలీ గ్రూపులో కాదు, మెసేజ్ కాదు, మాట్లాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే ఇది చదివినా ఫర్లేదు:

"తమ్ముడూ, పాప బానే ఉంది, కంగారు పడకు. పుట్టినప్పుడు చేసిన టెస్టులో ఒక జీన్ కనపడింది, నేను కూడా చేయించుకున్నా, నాకూ ఉంది. నాకేం జబ్బు లేదు, చూస్తున్నావుగా. నీకు ఉండొచ్చు ఉండకపోవచ్చు, సగం సగం. నువ్వొకసారి హెచ్‌పీఎల్‌సీ చేయించుకో. ఆ టెస్టులో నీకేమీ రాకపోతే విషయం అక్కడితో అయిపోయింది, ఎవరికీ చెప్పాల్సిన పని కూడా లేదు. ఉంటే మరదలు కూడా చేయించుకోవాలి. పెళ్ళి ఆపమని చెప్పట్లేదు. నా రిపోర్ట్ పంపిస్తా, నువ్వు అనే వరకు నేను అమ్మకి కూడా చెప్పను."

అంతే. ఇందులో జబ్బు అన్న మాట లేదని చెప్పడానికి తప్ప ఎక్కడా వాడలేదు చూడు. క్యారియర్ అన్న మాట కూడా నేను వాడను, వినేవాళ్ళకి అదేదో అంటుకునే రోగం మోస్తున్నట్టు అనిపిస్తుంది. ఒక జీన్ ఉంది అను, సరిపోతుంది.

తర్వాత ఏమవుతుందో కూడా చెప్తా, తెలియకపోవడం వల్లే సగం భయం. తమ్ముడికి సికిల్ గానీ తలసీమియా గానీ లేదనుకో, పెళ్ళికూతురికి ఉన్నా లేకపోయినా వాళ్ళ పిల్లలకి సికిల్ జబ్బు రాదు, శుభలేఖలు అచ్చేయించుకోండి. తమ్ముడికి ఉండి అమ్మాయికి సికిల్ గానీ తలసీమియా గానీ లేకపోతే, పిల్లలకి నీ పాపలాగా ట్రెయిట్ రావచ్చు, జబ్బు రాదు, పెళ్ళికి ఏ అడ్డూ లేదు. ఇద్దరికీ ఉంటేనే ఆలోచించాలి, అప్పుడు కూడా నిర్ణయం వాళ్ళిద్దరిది, నీది కాదు, మేనమామది కూడా కాదు. చేసుకోకూడదని ఏ చట్టమూ లేదు. చేసుకుంటే కడుపుతో ఉన్న 11 నుంచి 14 వారాల మధ్య మావి నుంచి చిన్న ముక్క తీసి, లేదా 16 వారాలు దాటాక ఉమ్మనీరు తీసి బిడ్డకి జబ్బు ఉందో లేదో చూడొచ్చు, ఆడా మగా చెప్పకూడదు గానీ ఇలాంటి రక్తపు జబ్బులు చూడటానికి చట్టం ఒప్పుకుంటుంది. ఆ పరీక్షకి టైమ్ ఉండాలంటే నెల తప్పగానే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి, మూడో నెల దాటాక అమ్మకి చెప్దాంలే అనుకుంటే కుదరదు. మనవాళ్ళు వెల్లూరు సీఎంసీకి ఎటూ వెళ్తూనే ఉంటారు, వాళ్ళకి హెమటాలజీ (రక్తపు జబ్బుల విభాగం) ఉంది, వాళ్ళతో ఒకసారి కూర్చుని మాట్లాడుకుంటే మంచిది. ఇవన్నీ తెలిసి పెళ్ళి చేసుకుని హాయిగా ఉన్న జంటలు ఉన్నాయి, తెలిసి వద్దనుకుని వేరే సంబంధాలు చేసుకుని ఇప్పటికీ ఒకరింటికి ఒకరు వచ్చిపోతున్న బావా మరదళ్ళు కూడా ఉన్నారు.

టెస్టుకి ఊళ్ళో ఎక్కడికెళ్ళాలి అని వాడు అడుగుతాడు. కేంద్ర ప్రభుత్వం 2023 జులై 1న సికిల్ సెల్ మిషన్ మొదలుపెట్టింది, 40 ఏళ్ళలోపు వాళ్ళని 7 కోట్ల మందిని పరీక్ష చెయ్యాలని, ఆంధ్రా తెలంగాణా కర్ణాటక తమిళనాడు ఒడిశా అన్నీ అందులో ఉన్నాయి. మన్యం వైపు పీహెచ్‌సీలో అడగమను, చుక్క రక్తంతో ముందు చూసి అనుమానం ఉంటే హెచ్‌పీఎల్‌సీకి పంపుతారు. వాడు మాత్రం ఇంట్లో అక్కకి ఉందని చెప్పి సూటిగా హెచ్‌పీఎల్‌సీయే అడగాలి.

నీ ఆడపడుచు సంగతి నువ్వు తలకెత్తుకోకు. మీ ఆయనకి ఉందని వస్తే ఆ అమ్మాయికి చెప్పాల్సింది ఆయన, నువ్వు చెప్తే కోడలు సంబంధం చెడగొట్టింది అంటారు. కానీ ఆయనతో చెప్పించు. దాచిపెట్టి చేసిన పెళ్ళిలో రేపు బిడ్డకి జబ్బు బయటపడితే ఆ ఇంట్లో ఆ పిల్ల ఎన్ని మాటలు పడాలో ఆయనకి చెప్పు, చెల్లెలంటే ప్రాణం అన్నవాడు ఆ ఒక్క మాటకి కదులుతాడు.

పాపకి ఏం చెయ్యాలి అంటావా, చెయ్యాల్సింది చాలా తక్కువ. టీకాలన్నీ టైముకి, పాలు, తర్వాత అందరి పిల్లల్లాగే తిండి. ఏడాది దాటాక ఒకసారి హెచ్‌పీఎల్‌సీ చేయించు, పుట్టినప్పుడు వచ్చింది ట్రెయిటేనని అప్పుడు ఖాయమైపోతుంది. ఎప్పుడన్నా ఆపరేషన్ అవసరమైతే మత్తు డాక్టర్‌కి ట్రెయిట్ ఉందని చెప్పు. బాగా పెద్ద కొండలెక్కడం, ఎండలో విపరీతంగా పరిగెత్తడం లాంటివాటిలో నీళ్ళు బాగా తాగాలి, అది ఆటల వయసొచ్చాక చూసుకోవచ్చు. పదో తరగతి అయ్యాక దాన్ని కూర్చోబెట్టి నువ్వే చెప్పు, పెళ్ళిచూపుల రోజు కాదు.

రిపోర్ట్ డిలీట్ చేశారని బాధపడకు. హాస్పిటల్‌కి వెళ్ళి పాప నంబరు చెప్తే ల్యాబ్ కౌంటర్‌లో మళ్ళీ ప్రింట్ ఇస్తారు, బిడ్డ తల్లివి, అడిగే హక్కు నీకుంది. నలభై అయిదో రోజు టీకాకి ఎలాగూ వెళ్తావుగా, అదే రోజు నీ రక్తం కూడా ఇచ్చేసిరా. రెండు కాపీలు అడుగు. ఒకటి పాప తాయి కార్డులో (తల్లీబిడ్డల వివరాలు రాసే కార్డు) పెట్టు, రెండోది నీ బ్యాగులో ఉంచు, తమ్ముడితో మాట్లాడే రోజు నీ రిపోర్టుతో పాటు చేతిలో ఉండాలి.